వర్షెవిచెల్ల

షార్జాలో మా నర్సరీకి మొక్కలు రాత్రిపూటే వస్తాయి,
విమానం చలి ఇంకా అట్టపెట్టెల్ని వదలకముందే.
చీటీలు రాయడం నా పని.
కడియపులంకలో మా నాన్న
బంతికీ కనకాంబరానికీ ఏనాడూ పేరు రాసిపెట్టలేదు.
కళ్ళున్నవాడికి చీటీ ఎందుకే, అనేవాడు.

ఈ పెట్టె మీది పేరు చదవబోతే
నాలుక కంచె దాటలేని మేకపిల్లయింది.
ముందు డబ్ల్యూ. వెనక
సీలూ జెడ్లూ ఒకదాని కాళ్ళు ఒకటి తొక్కుకుంటూ.

యజమాని హైసమ్ వంగి చూసి
"వర్దా" అన్నాడు.
అరబ్బీలో పువ్వని.
ఆయనకు అమ్ముడుపోయేవన్నీ వర్దాలే.
లారీ తోలే గుల్ జరీన్
మొదటి నాలుగక్షరాలు చూసి
అది ఊరి పేరనుకున్నాడు, వర్సాన్ అని.
ముప్పయ్యారు మొక్కల్ని
జూలై ఎండలో దుబాయ్ దాకా తిప్పి
మసకవేళకి తెచ్చి దించాడు, ఉడికిన తోటకూరలా.

తిట్లు చీటీ రాసిన చేతికి.
బతికినవి పందొమ్మిది.

శుక్రవారం ఒకావిడ వచ్చింది,
రోలా దగ్గర పళ్ళ డాక్టరట, పోలండు మనిషి.
చీటీ పైకి చదివి నవ్వింది.
ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో గుర్తుపట్టినట్టు.
"వర్షెవిచ్" అంది.
షె దగ్గర కాస్త ఆగాలి, బరువంతా అక్కడే.
ఎస్సూ జెడ్డూ కలిస్తే ష. సీ పక్కన జెడ్డుంటే చ.
మరి సీ ఒక్కటే ఉంటే?
పళ్ళ వెనక నాలుక ఆనించి చూపించింది,
అలవాటే కదా ఆవిడకి నోళ్ళలోకి చూడడం.
అరె, అది మా చల్లలో చ!
చెల్లెల్లో చ వేరు, చల్లలో చ వేరు.
ఒకే అక్షరంతో రెండూ రాసి
చదివేవాడి నోటికి వదిలేశాం మేము.
వాళ్ళు పాపం జెడ్డు పెట్టి మరీ కాపలా కాశారు.

సముద్రాలవతల అడవుల్లో
మొక్కలు వెతుక్కుంటూ తిరిగినాయన పేరట అది.
ఎవిచ్ అంటే ఫలానావాడి కొడుకని.
చివర ఎల్లా, లాటినువాళ్ళ ముద్దు, చిన్నదీ అని.
మరి చీటీలో సరిగ్గా లేదేమంటే
మొదట అచ్చేసినవాడు ఎలా రాస్తే అలా
ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా
ఉండిపోయిందంది.

నా రెసిడెన్సీ కార్డు తీసి చూపించాను.
చంద్రకళ, అరబ్బీలో చ లేక
షాండ్రా అయింది. కళ కాస్తా కాలా.
గుల్ జరీన్ దృష్టిలో నేను నల్లపిల్లని.
దిద్దించడానికి మూడొందల ఎనభై దిర్హాములడిగారు.
ఉండిపోయాను.

ఆవిడ తన కార్డు ఇచ్చింది, బోగుమీవా.
రాతలో వ లేదు, గీత కొట్టిన ఎల్ ఉంది.
కొట్టేశారేమో అనుకున్నా.
కొట్టెయ్యలేదు, అలా గీస్తేనే వ అట.
నా ళ ఆవిడకి రాలేదు.
నాలుక మడిచి, మడిచి, దగ్గొచ్చి,
చివరికి "చంద్రకవ" అంది.
సరే అన్నాను.

ఆవిడ వెళ్ళాక
కూలింగ్ ప్యాడ్ల నీళ్ళ చప్పుడులో
ఒక్కదాన్నే అనుకున్నాను: వర్షెవిచెల్ల.
ముందు వాన. చివర చెల్లి.
పోలండులో ఆ రెంటిలో ఒక్కటీ లేదని తెలుసు,
ఇప్పుడే చెప్పించుకున్నాను కదా.
అయినా ఈ ఊళ్ళో వాన పేరు
పగలంతా నోట్లో ఉంచుకుంటే
దాహం కొంచెం తగ్గింది.

పందొమ్మిది చీటీల వెనకా పెన్సిల్‌తో
తెలుగులో రాశాను.

మర్నాడు ఒక కొనుగోలుదారు
చీటీ తిరగేసి కళ్ళద్దాలు సర్దుకుని
హైసమ్‌ని గట్టిగా అడుగుతున్నాడు,
ఇంత మొక్కకి ఇన్ని సున్నాలా అని.